ఓటు వచ్చి 70 ఏళ్ళు దాటినా మన జిల్లాల్లో వలసలు ఆగలేదు. మరి ప్రజాస్వామ్యం ఏం మార్చినట్టు?

ముందు మీ ప్రశ్న. రాజాం దగ్గర పల్లె మీది, గ్రూప్స్‌కి చదువుతున్నారు. ప్రజాస్వామ్యం వస్తే సమాజం, రాజకీయం, ఆర్థిక వ్యవస్థ మూడూ మారతాయని పుస్తకాల్లో ఉంది. మీ ఊళ్ళో మాత్రం తాతల నాటి నుంచి ఓట్లు వేస్తున్నా సగం ఇళ్ళకి తాళాలే. కుర్రాళ్ళు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నారు. గెలిచేది ఎప్పుడూ అవే రెండు కుటుంబాలు. దీనికన్నా చైనా పద్ధతే నయమేమో అన్నారు.

నేను పంచాయతీ కార్యదర్శిగా చేరి ఎంపీడీవోగా రిటైరయ్యాను. సర్వీసంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే. పంచాయతీ ఎన్నికలు జరిపించడం, గ్రామసభలు పెట్టించడం, ఉపాధి హామీ పనులు చూడడం నా పని. ఆ వైపు నుంచి కనిపించిందే చెప్తాను.

సూటిగా జవాబు ఇది: ఓటు వల్ల చాలా మారింది, కానీ ఓటు ఒక్కదాని వల్ల మారలేదు. మనిషికి తిండిగింజలు, కూలి, అప్పు ఎవరి చేతిలో ఉంటే ఓటు కూడా చాలావరకు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఆ పట్టు సడలిన చోట ఓటు ప్రభుత్వాన్ని కదిలించింది, ఆ ప్రభుత్వం చేసిన పని పట్టుని ఇంకొంచెం సడలించింది. సడలని చోట ఎన్నికలు జరిగాయి, అంతే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కంబారి వాళ్ళ (పాలేర్ల) వీధికి వెళ్ళి ఎవరికి వేస్తారని మాటవరసకి అడిగితే "నాయుడుబాబు ఏటి సెప్తే అదే" అనేవారు. అందులో భయం ఎంతో, మర్యాద ఎంతో విడదీయడం కష్టం. ఏడాదికి ఇన్ని కుంచాల ధాన్యం అని మాట్లాడుకుని ఒకే ఇంట్లో పనిచేసే మనిషి, పిల్ల పెళ్ళికి అప్పు కూడా అక్కడే తెచ్చుకునే మనిషి ఆ ఇంటికి ఎదురు ఎలా వేస్తాడు? చట్టం ప్రకారం అతనికి 1952లోనే ఓటు వచ్చింది. ఆచరణలో అది అతని చేతికి రావడానికి ఇంకో 30, 40 ఏళ్ళు పట్టింది.

దాన్ని అతని చేతికి తెచ్చినవి కొన్ని ఉన్నాయి. 1983లో వచ్చిన 2 రూపాయల బియ్యం ఒకటి. బయటికి అది ధరల పథకం. ఊరి లెక్కలో చూస్తే, ఆషాఢంలో గింజల కోసం నాయుడు గారి గరిసె (ధాన్యం నిల్వ) వైపు చూడాల్సిన అవసరం తగ్గింది. రెండోది వలస. మీరు దాన్ని వైఫల్యంగానే చూశారు. వైఫల్యం అవునన్నది నిజమే. కానీ మద్రాసులో సెంట్రింగ్ పనికి వెళ్ళి వచ్చిన కుర్రాడు ఊళ్ళో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాళ్ళ నాన్న ఎప్పుడూ కూర్చోలేదు. మూడోది ఉపాధి హామీ. 2006లో దేశంలో మొదట 200 జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు కోస్తాంధ్రలో చోటు దొరికిన జిల్లా విజయనగరం ఒక్కటే. శ్రీకాకుళానికి ఆ మరుసటి విడతలో, 2007లో వచ్చింది. వచ్చిన మొదటి రెండేళ్ళూ నా ఆఫీసుకి వచ్చిన రైతుల అర్జీల్లో ముఖ్యమైనది ఒకటే: ఊడ్పుల టైంలో పనులు ఆపించండి, కూలీలు దొరకడం లేదు. వాళ్ళ ఇబ్బంది నిజమైనదే, రెండెకరాల రైతు నలిగిపోయాడు. కానీ ఆ అర్జీల అర్థం ఏమిటంటే, కూలివాడు మొదటిసారి "రాను" అనగలిగాడు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే రేటు కావడం ఇంకో పెద్ద మార్పు. ఆ తర్వాతి పంచాయతీ ఎన్నికల్లో ఆ వీధుల నుంచి వార్డు సభ్యులకి సొంతంగా నామినేషన్లు పడ్డాయి. ఎవరో వేయించినవి కావు. రిటర్నింగ్ అధికారిగా ఆ కాగితాలు తీసుకున్నది నేనే.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఇది మీ పరీక్షకీ పనికొస్తుంది.

మన ప్రాంతంలో ఓటుకి ఎంత బలం ఉందో మొదట చూపించింది 1937 ఎన్నిక. బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు గారు అప్పటికి కొన్నేళ్ళుగా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి అధిపతి, జస్టిస్ పార్టీ పెద్ద. ఆయన మీద బొబ్బిలిలోనే కాంగ్రెస్ తరఫున నిలబడింది వి.వి. గిరి, తర్వాత రాష్ట్రపతి అయిన ఆయనే. రాజా ఓడిపోయారు. అప్పుడు అందరికీ ఓటు లేదని గుర్తుంచుకోండి. ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు ఉన్నవాళ్ళకే ఉండేది. అంటే ఆ ఓటు కంబారి వేసింది కాదు. కాస్త సొంత బలం ఉన్న రైతు, పట్నంలో ఉద్యోగస్థుడు వేసింది. అంతమాత్రానికే కోట కదిలింది.

గెలిచిన ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం జమీందారీల మీద విచారణ కమిటీ నడిపారు. అదే రోజుల్లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు నడిచి వెళ్ళారు. 1939లో యుద్ధం వచ్చి కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, గవర్నర్ పాలన మొదలైంది. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో, అడవిలో కట్టెల హక్కు కోసం తిరగబడ్డ రైతుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు చనిపోయారు. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. అంటే ఆ కాల్పుల తర్వాత ఎనిమిదేళ్ళు పట్టింది.

అదే మందసకి ఆనుకుని ఉన్న సోంపేటలో 2010 జులై 14న మళ్ళీ కాల్పులు జరిగాయి. బీల (చిత్తడి) నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు అడ్డం నిలబడ్డారు, ప్రాణాలు పోయాయి. ఈసారి ఢిల్లీలో, రాష్ట్రంలో ఉన్నవి ఎన్నికైన ప్రభుత్వాలే. కాబట్టి ప్రజాస్వామ్యం ఉంటే తుపాకీ పేలదని నేను చెప్పను. తేడా తర్వాత జరిగినదాంట్లో ఉంది. పర్యావరణ అనుమతిని అప్పీలు సంస్థ వెంటనే రద్దు చేసింది. పత్రికలు వదల్లేదు. ఆ తర్వాత ఓట్లడగడానికి ఆ ఊళ్ళకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ ప్లాంటు గురించి ఏదో ఒక మాట ఇవ్వాల్సి వచ్చింది. ప్లాంటు రాలేదు. ఈ రెండు సంఘటనలనీ పక్కపక్కన పెట్టి చూడమని నేను గ్రూప్స్ పిల్లలకి ఎప్పుడూ చెప్తుంటాను. ప్రజాస్వామ్యం ఎంత ఇస్తుందో, ఎంత ఇవ్వదో రెండూ అందులో ఉన్నాయి.

"అవే కుటుంబాలు" అన్న మాట గురించి. సగం ఒప్పుకుంటాను. 1948 చట్టం పైనున్న జమీందారుని తీసేసింది, భూమిని సాగుచేసే రైతుకి పట్టా ఇచ్చింది. మన దగ్గర ఆ రైతులు ఎక్కువగా తూర్పుకాపులు, కొప్పుల వెలమలు, పోలినాటి వెలమలు, కాళింగులు. అంటే ఇవాళ బీసీ జాబితాలో ఉన్న కులాలు. రాజుల చేతిలోని రాజకీయం వీళ్ళ చేతికి వచ్చింది. కృష్ణా, గుంటూరు రాజకీయానికీ మన రాజకీయానికీ తేడా అక్కడే మొదలవుతుంది. గౌతు లచ్చన్న గారిని చూడండి. బారువలో కల్లుగీత కుటుంబంలో పుట్టిన మనిషి. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ సీటు గెలిచి, చిత్తూరులో ఓడిపోయిన ఎన్.జి. రంగా కోసం వదులుకోగలిగేంత పట్టు సంపాదించారు. జమీందారీ ఉండగా ఇది ఊహించగలమా? కోటల వాళ్ళు కూడా ఓటుకి తగ్గట్టు మారారు. విజయనగరం పి.వి.జి. రాజు గారు సోషలిస్టులలో చేరారు. వాళ్ళబ్బాయి అశోక్ గజపతిరాజు గారు 1978 నుంచి వరసగా గెలుస్తూ వచ్చి 2004లో ఒక ఇండిపెండెంట్ చేతిలో ఓడారు.

కానీ ఆ మార్పు అక్కడే ఆగిపోయింది, మీరు చూస్తున్నది అదే. భూమి దొరికినవాడికి రాజకీయం దొరికింది. కంబారికి భూమి దొరకలేదు, ఎందుకంటే ఆ చట్టం దున్నించేవాణ్ణి చూసింది గాని దున్నినవాణ్ణి చూడలేదు. తర్వాత ఎన్నికల ఖర్చు పెరిగింది. ఖర్చు పెట్టగలిగేది కాంట్రాక్టులు, ఇసుక, క్వారీ ఉన్నవాళ్ళు. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్ళలో రెండు ఎన్నికలు చూసినవాళ్ళకి ఇది నేను వివరించక్కర్లేదు.

కొండ మీద కథ ఇంకా చేదు. 1952 నుంచి గిరిజనులకి ఓటు ఉంది, రిజర్వుడు సీట్లున్నాయి. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లోనే ఒక రెగ్యులేషన్ వచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. చింతపండు తూకం, ఉప్పు, అప్పు మాత్రం షావుకారి చేతిలో ఉన్నాయి, భూములు పోతూనే ఉన్నాయి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత జరిగిన శ్రీకాకుళ గిరిజన సాయుధ పోరాటం మీకు తెలుసు. 1970లో ఆ రెగ్యులేషన్‌ని గట్టిగా సవరించారు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అని ముందుగా భావించాలి, కాదని అతనే రుజువు చేసుకోవాలి. ఎన్నికైన ప్రభుత్వం పదేళ్ళు పట్టించుకోనిది రక్తం చిందాక పట్టించుకుంది. సాయుధ మార్గాన్ని నేను సమర్థించను. కానీ ఈ చరిత్ర దాటేసి "చట్టం తెచ్చాం" అని రాస్తే అది అబద్ధం అవుతుంది.

డబ్బు సంగతి. ప్రజాస్వామ్యం వల్ల దేశాల ఆదాయం పెరుగుతుందా అన్నది ఆర్థికవేత్తల మధ్య పాత తగాదా. డారన్ అసెమోగ్లు, సురేష్ నాయుడు, మరో ఇద్దరు కలిసి 2019లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం, నియంతృత్వం నుంచి ప్రజాస్వామ్యానికి మారిన దేశంలో సుమారు 25 ఏళ్ళలో తలసరి ఆదాయం, మారకపోతే ఉండేదానికన్నా దాదాపు 20 శాతం ఎక్కువ. ఇది సగటు లెక్క, వెంటనే వచ్చేది కూడా కాదు. దక్షిణ కొరియా సైనిక పాలనలోనే పరిశ్రమలు కట్టింది, 1987లో దేశాధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు జనానికి మళ్ళీ వచ్చింది, ఆ తర్వాత కూడా ఆదాయం పెరిగింది. చైనా గురించి అడిగారు. ఆ పద్ధతిలో మంచి నిర్ణయం వేగంగా అమలవుతుంది, చెడ్డ నిర్ణయం కూడా అంతే వేగంగా అమలవుతుంది. 1959–61 మధ్య అక్కడ కరువులో కోట్ల మంది పోయారు, కింది అధికారులు పంట ఎక్కువ పండిందని పైకి రాస్తూనే ఉన్నారు. ఎన్నికలు, స్వేచ్ఛగా రాసే పత్రికలు ఉన్న దేశంలో అలాంటి కరువు రాలేదని అమర్త్య సేన్ అన్నది ఇందుకే. 1866 కరువు ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని తీసుకుపోయింది, ఇచ్ఛాపురం అప్పుడు ఉన్న గంజాం జిల్లాలోనూ జనం మాడారు. ఓటు వచ్చాక అలాంటిది మళ్ళీ జరగలేదు.

సేన్ ఇంకో మాట కూడా అన్నారు, దాన్ని మనవాళ్ళు తక్కువగా ఉదహరిస్తారు. కరువులాగా ఒక్కసారి మీద పడే ఆపదకి ప్రజాస్వామ్యం కదులుతుంది. మెల్లగా తినేసే బాధకి అంత త్వరగా కదలదు. మన ఉద్దానమే సాక్ష్యం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టినప్పుడు ముఖ్యమంత్రి పలాసలో మకాం వేశారు, జిల్లా యంత్రాంగం అంతా అక్కడే. అదే ఉద్దానంలో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారన్న సంగతి అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ తెలుసు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది 2023 డిసెంబర్‌లో. అదైనా ఉద్దానం ఓటు పార్టీలకి లెక్కలోకి వచ్చాకే.

మరి మనం వెనకబడ్డది ఓటు వల్లనా? కాదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో చేసిన పరిశోధన చూడండి. బ్రిటిష్ వాళ్ళు శిస్తు వసూలు జమీందార్లకి అప్పగించిన జిల్లాలు స్వాతంత్ర్యం వచ్చిన చాలా ఏళ్ళ తర్వాత కూడా వ్యవసాయ పెట్టుబడిలో, దిగుబడిలో వెనకబడే ఉన్నాయని తేలింది. మనకి 1802 నుంచి శాశ్వత శిస్తు, అంటే ఆ జమీందారీ పద్ధతే. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది, మన నదులకి ఆ భాగ్యం లేదు. పరుగు ఎక్కడ మొదలైందో చూడకుండా ఎవరు ముందున్నారో చెప్పకూడదు. ఓటు దాన్ని పూర్తిగా సరిచేసిందా అంటే అదీ లేదు. తోటపల్లి బ్యారేజీకి 2003లో శంకుస్థాపన జరిగింది, జాతికి అంకితం చేసింది 2015లో. శంకుస్థాపనకి ఓట్లు పడతాయి, పిల్లకాలువ పూడిక తీతకి పడవు.

ఊరి స్థాయిలో నేను దగ్గరగా చూసినవి ఇంకో రెండు మూడు చెప్తాను.

మునసబు, కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. మీ వయసు వాళ్ళకి ఇది ఒక బిట్ ప్రశ్న. అడంగల్ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు) కరణం గారి ఇంట్లో ఉండేది, అందులో మన పేరు ఉందో లేదో చూడాలంటే ఆయన అరుగు మీద పడిగాపులు కాయాలి. ఆ కాగితం ఆఫీసుకి రావడం ఊళ్ళో పెత్తనాన్ని ఏ ఎన్నికా తగ్గించనంత తగ్గించింది. కొత్తగా వచ్చినవాళ్ళు లంచం తీసుకోలేదని కాదు. వాళ్ళకి బదిలీ ఉంది, తేడా అది.

ఆడవాళ్ళ రిజర్వేషన్. 73వ సవరణతో మూడో వంతు వచ్చింది, తర్వాత మన రాష్ట్రంలో సగం చేశారు. మొదటి విడతలో మీటింగుకి "సర్పంచ్ గారొచ్చారు" అంటే లుంగీ, తువ్వాలుతో ఆమె భర్తే వచ్చేవాడు, సంతకానికి పుస్తకం ఇంటికి పంపించేవాడు. ఇప్పటికీ ఇది పోలేదు. అయితే చెక్కు మీద సంతకం ఆమెదే కావడంతో, ఏదైనా తేడా వస్తే రికవరీ నోటీసు ఆమె పేరునే వస్తుందని తెలిసొచ్చాక చాలామంది "ఇదేటికి, ఈ బిల్లు దేనికి?" అని అడగడం మొదలుపెట్టారు. పశ్చిమబెంగాల్, రాజస్థాన్‌లలో ఎస్తేర్ డఫ్లో, రాఘవేంద్ర చటోపాధ్యాయ చేసిన అధ్యయనంలో మహిళలకి రిజర్వు చేసిన పంచాయతీల్లో ఆడవాళ్ళు ఎక్కువగా అడిగే పనులకి, ముఖ్యంగా తాగునీటికి, ఖర్చు పెరిగిందని తేలింది. నా మండలాల్లో కూడా బోరు రిపేరు అర్జీ ముందు తెచ్చింది వాళ్ళే. భర్త తెచ్చే అర్జీ సీసీ రోడ్డుకి ఉండేది.

సోషల్ ఆడిట్. ఉపాధి హామీ మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) పేర్లు గ్రామసభలో పైకి చదువుతారు. ఒక ఊళ్ళో చెరువు పని మస్టర్ చదువుతుంటే ఒకావిడ లేచి, "మా మరిది రెండేళ్ళై మద్రాసులో ఉన్నాడు, ఇక్కడ మట్టి ఎప్పుడు తవ్వేడు బాబూ?" అంది. మేట్‌కి (కూలీల హాజరు వేసేవాడికి) చెమటలు పట్టాయి. ఆ డబ్బు కొంతే తిరిగొచ్చింది. కానీ తర్వాత వారం మస్టర్ రాయడానికి మేట్లు టెన్షన్ పడ్డారు. ఆడిట్ రిపోర్టు కన్నా నాకు అదే ముఖ్యం అనిపించింది.

ఓటు రహస్యం అంటారు, పూర్తిగా కాదు. దీని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈవీఎంలు వచ్చాక అసెంబ్లీ ఫలితాల్లో ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో ఫారం 20లో అందరికీ కనిపిస్తుంది. మీరెవరికి వేశారో తెలియదు, మీ వీధి ఎవరికి వేసిందో తెలిసిపోతుంది. తర్వాత రోడ్డు ఏ వీధికి రాదో ఊహించుకోండి. బూత్‌ల లెక్కలు కలిపేసే టోటలైజర్ యంత్రం పెట్టాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో సమర్థించింది. ఇప్పటికీ రాలేదు. పంచాయతీ ఎన్నికలో వార్డుకి కొన్ని వందల ఓట్లే, లెక్కింపు ఆ సాయంత్రమే ఊళ్ళోనే. అక్కడ దాచుకోవడానికి ఏముంది? ఏకగ్రీవాల సంగతీ ఇంతే. 2021లో జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. గొడవలు లేకుండా పోతాయన్నది మంచి ఉద్దేశమే. నేను చూసిన ఏకగ్రీవాల్లో మాత్రం నిజంగా అందరూ కూర్చుని ఒప్పుకున్నవి తక్కువ. గుడికి ఎంత ఇస్తావని వేలం పాడినవి, ఎదుటివాడిని కూర్చోబెట్టినవి ఎక్కువ.

వలస వెళ్ళినవాళ్ళ ఓటు కూడా ఇలాంటిదే. పంచాయతీ ఎన్నిక అంటే అభ్యర్థి బస్సు పెడతాడు, రాను పోను ఖర్చు, భోజనం, పైన ఇంకొంత ఇస్తాడు. అలా వచ్చినవాడు ఎవరికి వేస్తాడు? గుజరాత్‌లోని వెరావల్‌లో వేటకి వెళ్ళిన మత్స్యకారుడికి బస్సు కూడా రాదు. ఊరి మీద ఎక్కువ ఫిర్యాదులు ఉన్నవాళ్ళే ఓటింగులో లేకుండా పోతున్నారు. మీ ఊరి రాజకీయం మారకపోవడానికి తాళాలు వేసిన ఆ ఇళ్ళు కూడా ఒక కారణం. మీరు దాన్ని ఫలితంగా రాశారు, నేను రెండు వైపులా రాస్తాను.

పంచాయతీకి చట్టంలో 29 అంశాలు రాసిచ్చారు. చేతిలో ఉన్న సొమ్ము ఇంటిపన్ను, ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్ళకీ పారిశుద్ధ్యానికీ ముందే కట్టేసి ఉండేది, మిగిలినదాన్ని విద్యుత్ బకాయిల కింద పైనే సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కిన రోజులున్నాయి. డబ్బు లేని పదవికి మంచివాడు నిలబడడు. నిలబడేవాడు ఎందుకు నిలబడుతున్నాడో ఊరందరికీ తెలుసు.

మీరు చివర్లో "నేను పోటీ చేయొచ్చా?" అని అడిగారు. 21 నిండితే చేయొచ్చు, ఇద్దరు పిల్లల నిబంధన కూడా 2024లో తీసేశారు. సర్పంచ్‌కి కాకుండా ముందు వార్డుకి నిలబడండి, ఖర్చు తక్కువ, మీ వీధి మీకు తెలుసు. అంతకంటే ముందు మీ పంచాయతీలో కిందటేడు జరిగిన పనుల్లో ఏదో ఒకదానికి ఎస్టిమేటు, ఎం.బుక్ (పని కొలతల పుస్తకం) కాపీలు సమాచార హక్కు కింద అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల ఆఫీసులో అయితే 5 రూపాయలు. 30 రోజుల గడువు. దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచి మీ ఇంటికి ఎవరెవరు వస్తారో, ఏం మాట్లాడతారో రాసి పెట్టుకోండి. కాపీలు వచ్చాక ఇక్కడ పెట్టండి, కొలతలు ఎలా చదవాలో నేను చెప్తాను.